కేసు ఉంది, కోర్టు ఉంది, అనుమతే లేదు

లాయరమ్మను అడగండి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం భాగపంపకాలవి, మిగతా సగం చెక్ బౌన్సులవి. పోయిన సంచికలో ఓటింగ్ కాల్పుల కేసు గురించి నాలుగు ముక్కలు రాశాక వరస మారింది. (ఓటింగ్ అనేది నాగాలాండ్‌లో ఒక ఊరు. ఎన్నికల సంగతి కాదు. ఇద్దరు ముగ్గురు అలా అనుకొని రాశారు.) కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు. తిట్టినవాళ్ల ఉత్తరాల్లోనే సరుకు ఎక్కువ ఉంది కాబట్టి వాటికి ఎక్కువ చోటిస్తున్నాను. చెక్ బౌన్స్ వాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న (ఒక వ్యాపారి, శ్రీకాళహస్తి): మేడమ్, ముప్పై మంది సైనికుల మీద పోలీసులే చార్జిషీటు వేశారని రాశారు. చివరికి సుప్రీంకోర్టు కేసు మూసేసిందని కూడా రాశారు. అంటే వాళ్ల తప్పేం లేదని తేలినట్టే కదా?

జవాబు: తేలలేదన్నా. తేలేదాకా కేసు పోనేలేదు.

ముందు జరిగింది చెప్తాను. 2021 డిసెంబర్ 4, శనివారం సాయంత్రం. మోన్ జిల్లాలో బొగ్గు గని కూలీలు ఆదివారం ఇంట్లో గడుపుదామని పికప్ వ్యాన్ ఎక్కి ఓటింగ్‌కు వస్తున్నారు. తీవ్రవాదులు ఆ దారిన వస్తారని సమాచారం అంది, సైన్యంలోని 21 పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు కాపు కాశారు. బండి రాగానే కాల్చారు. ఆరుగురు పోయారు. రాత్రయినా పిల్లలు ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వెళ్లిన ఊరివాళ్లకూ సైనికులకూ గొడవైంది, మళ్లీ కాల్పులు. ఇంకో ఏడుగురు పోయారు, ఒక సైనికుడు కూడా చనిపోయాడు. మర్నాడు మోన్ పట్టణంలో మరొకరు. బండిని ఆపమంటే ఆపకుండా పోబోయిందని, పొరబాటున కాల్చారని హోంమంత్రి అమిత్ షా పార్లమెంటులో చెప్పారు. నాగాలాండ్ పోలీసుల సిట్ మాత్రం నిబంధనలేవీ పాటించకుండా విచ్చలవిడిగా కాల్చారని తేల్చి, 2022లో ఒక మేజర్‌తో కలిపి 30 మంది మీద చార్జిషీటు వేసింది.

ఇక్కడే అఫ్‌స్పా వస్తుంది. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం, 1958 నాటిది. అందులో ఆరో సెక్షన్ చాలా చిన్నది, రెండు మూడు లైన్లు. ఈ చట్టం కింద చేసిన పనికి ఎవరి మీదైనా కేసు నడపాలన్నా, దావా వేయాలన్నా కేంద్ర ప్రభుత్వం ముందుగా అనుమతి ఇవ్వాలి. మా భాషలో శాంక్షన్. పోలీసులు దర్యాప్తు చేసుకోవచ్చు, చార్జిషీటు కూడా వేసుకోవచ్చు. జడ్జిగారు ఆ చార్జిషీటును విచారణకు స్వీకరించాలంటే మాత్రం ఢిల్లీ నుంచి కాగితం రావాలి. 2023లో వచ్చిన కాగితం "ఇవ్వం" అని. సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో మూసింది ఆ కారణంతోనే. ఎప్పుడైనా శాంక్షన్ వస్తే కేసు ముందుకు పోవచ్చని కూడా రాసింది. నాగాలాండ్ ప్రభుత్వం ఆ తిరస్కరణ మీదే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అంటే ఒక రాష్ట్ర ప్రభుత్వం, మా ఊళ్లో మా మనుషులు పోయారు, కేసు నడపనివ్వండని కేంద్రం మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది.

శాంక్షన్ అనే ముడి ఎలా ఉంటుందో ప్రాసిక్యూటర్‌గా చిత్తూరు కోర్టులో నేను చూశాను. ప్రభుత్వ ఉద్యోగి మీద కేసయితే మామూలు చట్టంలోనూ ఇది ఉంది. పుంగనూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. దొంగ సంతకంతో పాసుపుస్తకంలో ఆయన పొలం ఇంకొకరి పేరున ఎక్కించారని కేసు. ప్రతి వాయిదాకూ కాగితాలన్నీ యూరియా సంచిలో చుట్టుకొని వచ్చి, మెట్ల దగ్గరే నన్ను పట్టుకొని "ఆర్డరొచ్చిండాదామ్మా?" అని అడిగేవాడు. రాలేదని చెప్తే ఏమనకుండా సంచి మళ్లీ చుట్టుకునేవాడు. ఆ శాఖకు మేం రిమైండర్లు పెట్టడం, "పరిశీలనలో ఉంది" అని వాళ్లు జవాబివ్వడం. ఆర్డరు వచ్చేసరికి ముఖ్యమైన సాక్షులిద్దరూ లేరు. భూమి కేసుకే ఇంత టెన్షన్. కొడుకును పోగొట్టుకున్నవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

మామూలు చట్టం ఈమధ్య కొంచెం నయమైంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ప్రభుత్వం 120 రోజుల్లో ఏ సంగతీ చెప్పకపోతే శాంక్షన్ ఇచ్చినట్టే లెక్క. అఫ్‌స్పాలో అలాంటి గడువు ఏదీ రాయలేదు.

ప్రశ్న (ఆర్మీలో సుబేదార్‌గా రిటైరైన పాఠకుడు, పలమనేరు): నేను నాగాలాండ్‌లోనూ కశ్మీర్‌లోనూ పనిచేశాను. ఏ ఇంట్లోంచి ఎవడు కాలుస్తాడో తెలియని చోట నిలబడితే మీకు అర్థమయ్యేది. ఆ రక్షణ తీసేస్తే ప్రతి ఆపరేషన్ మీదా ఒక దొంగ కేసు పడుతుంది. తిరుపతిలో ఫ్యాను కింద కూర్చొని సైనికుల మనోధైర్యం దెబ్బతీసే రాతలు ఎందుకమ్మా?

జవాబు: సుబేదార్ గారూ, ఫ్యాను కింద కూర్చున్న మాట నిజమే. దొంగ కేసులు పడతాయన్నదీ నిజమే. ప్రాసిక్యూటర్‌గా పనిచేసినదాన్ని, దొంగ కేసు అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. కాబట్టి సైనికుణ్ణి కోర్టుకు లాగేముందు ఎవరో ఒకరు కాగితాలు చూసి వడబోయాలనే మాటను నేను కాదనను. నా పేచీ ఆ వడబోత ఎలా జరుగుతుందన్న దగ్గరే.

2018 జనవరిలో రక్షణ శాఖ రాజ్యసభకు ఇచ్చిన లెక్క చూడండి. 2001 నుంచి అప్పటిదాకా జమ్మూకశ్మీర్ ప్రభుత్వం సైనికుల మీద కేసులు నడపడానికి 50 శాంక్షన్లు అడిగింది. 47 తిరస్కరించారు, మూడు పెండింగ్. ఇచ్చినవి సున్నా. అడిగింది ఎవరు? తీవ్రవాదుల సానుభూతిపరులు కాదు, రాష్ట్ర ప్రభుత్వం, అదీ పోలీసు దర్యాప్తు అయ్యాక. జల్లెడలో యాభై గింజలు పోస్తే ఒక్కటీ కిందికి రాలేదంటే ఆ జల్లెడకు కన్నాలున్నాయో లేవో చూసుకోవాలి కదా.

అన్నీ దొంగ ఆరోపణలేనేమో అంటారా? మణిపూర్ సంగతి చెప్తాను. అక్కడ పోలీసులు, బలగాలు చంపినవాళ్లవని 1,528 మరణాల జాబితాతో బాధిత కుటుంబాలు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కోర్టు 2013లో ముగ్గురితో ఒక కమిషన్ వేసింది. మాజీ న్యాయమూర్తి సంతోష్ హెగ్డే, ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా చేసిన లింగ్డో, ఒక మాజీ పోలీసు అధికారి. జాబితాలోంచి ఆరు ఘటనలు వాళ్లకు అప్పగించారు. ఆరింటికి ఆరూ నిజమైన ఎన్‌కౌంటర్లు కావని తేల్చారు. చనిపోయినవాళ్లలో ఒకడికి పన్నెండేళ్లు. మిగతావన్నీ కూడా అంతేనని నేను అనను, కానీ చూడకుండా పక్కన పెట్టే వీలు మాత్రం లేదు. 2016 జూలైలో సుప్రీంకోర్టు, అల్లర్లున్న ప్రాంతమైనా సరే సైన్యానికి తిరుగులేని రక్షణ ఏదీ లేదని తీర్పిచ్చి, మర్నాటి ఏడాది సీబీఐకి కేసులు అప్పగించింది. దాని మీద 300కు పైగా సైనికులు కోర్టుకు వెళ్లారు, మీరు చెప్పిన మనోధైర్యం మాటే చెప్పారు. కోర్టు 2018 నవంబర్‌లో ఆ పిటిషన్లు కొట్టేసింది.

సైన్యం తనవాళ్లను తానే శిక్షించదా అంటే, ఒక్కోసారి శిక్షిస్తుంది. 2020లో షోపియాన్ జిల్లా అంషిపొరాలో రాజౌరీ నుంచి కూలికొచ్చిన ముగ్గుర్ని చంపి తీవ్రవాదులని చెప్పిన కేసులో, సైన్యం సొంతంగా విచారణ పెట్టి కోర్టు మార్షల్ (సైన్యం సొంత కోర్టులో విచారణ) చేసింది. 2023లో కెప్టెన్‌కు యావజ్జీవం పడింది. అది సైన్యానికి గౌరవం తెచ్చిన పని, ఒప్పుకోవాలి. అదే ఏడాది ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చింది. అంతకుముందు 2010 నాటి మాఛిల్ కేసులోనూ ఇంతే, కోర్టు మార్షల్ వేసిన యావజ్జీవాన్ని 2017లో ట్రిబ్యునల్ నిలిపేసింది.

ఇంకొక్క మాట, మీకే చెప్తున్నాను. ఓటింగ్ జరిగిన నాలుగో రోజున కూనూరులో హెలికాప్టర్ కూలి జనరల్ రావత్‌తో పాటు మన ఉమ్మడి జిల్లా కురబలకోట మండలం అబ్బాయి లాన్స్‌నాయక్ సాయితేజ చనిపోయాడు. ఆ వారమంతా ఇక్కడ ప్రతి ఇంట్లో ఆ మాటే. ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ దుఃఖానికీ, మోన్ జిల్లాలో ఆ కూలీల తల్లులు అడిగే ప్రశ్నకూ వైరం ఎందుకుండాలో నాకైతే అర్థం కాదు. మీలా ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా చేసినవాళ్లకు ఈ తిరస్కరణల వల్ల ఒరిగిందేమీ లేదు. తప్పు చేసినవాడూ చేయనివాడూ ఒకే ఫైలులో ఉండిపోతారు. విచారణ జరిగితే నిర్దోషి నిర్దోషిగా బయటికొస్తాడు. శాంక్షన్ నిరాకరిస్తే అదీ ఉండదు.

నేను అడిగేది శిక్ష కాదండీ. ఇవ్వకపోతే ఎందుకివ్వరో రాసివ్వమనే. ఈ కోరిక కూడా నాది కాదు. 1997లో నాగా పీపుల్స్ మూవ్‌మెంట్ కేసులో అఫ్‌స్పా చెల్లుతుందని చెప్పిన సుప్రీంకోర్టే, శాంక్షన్ ఇచ్చినా మానినా కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలని, దాన్ని కోర్టులో సవాలు చేయవచ్చని ఆ తీర్పులోనే రాసింది.

ప్రశ్న (ఒక గృహిణి, కుప్పం): ఇంతకాలంగా ఇంత గొడవ ఉంటే ప్రభుత్వం కమిటీలేమీ వేయలేదా?

జవాబు: వేసింది తల్లీ. అందులో పెద్దది మన తెలుగాయనదే. 2004 జూలైలో మణిపూర్‌లో తంగ్‌జామ్ మనోరమ అనే యువతిని అస్సాం రైఫిల్స్ వాళ్లు రాత్రి ఇంట్లోంచి తీసుకెళ్లారు, తెల్లారి శవం దొరికింది. ఇంఫాల్‌లో తల్లులు నగ్నంగా నిలబడి నిరసన తెలిపిన ఫోటోలు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. ఆ ఒత్తిడికి కేంద్రం సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆయన ఎక్కడికక్కడ జనాన్నీ సైన్యాన్నీ విని, 2005 జూన్‌లో నివేదిక ఇచ్చారు. చట్టాన్ని రద్దు చేయమన్నారు. సైన్యానికి అధికారాలే వద్దనలేదు, ఉంచాల్సినవి వేరే చట్టంలో పెట్టి, ఫిర్యాదులు వినడానికి జిల్లాల్లో సెల్స్ పెట్టమన్నారు. కేంద్రం ఆ నివేదికను బయటే పెట్టలేదు. పత్రికల వాళ్లు సంపాదించి వేస్తే జనానికి తెలిసింది. 2013లో జస్టిస్ వర్మ కమిటీ, ఆడవాళ్ల మీద అత్యాచారం చేసిన సైనికుడికి శాంక్షన్ రక్షణ ఉండకూడదంది. ఆ ఏడాది చట్టం మార్చినప్పుడు మామూలు ఉద్యోగుల విషయంలో ఆ మాట విన్నారు, అఫ్‌స్పాను మాత్రం ముట్టుకోలేదు.

(మనోరమ మరణం మీద మణిపూర్ ప్రభుత్వం వేసిన న్యాయవిచారణ నివేదిక కూడా ఏళ్ల తరబడి బీరువాలోనే మగ్గింది. కమిటీలకు మన ప్రభుత్వాలు ఖర్చు బాగానే పెడతాయి, అచ్చేయడానికే చెయ్యి రాదు.)

ప్రశ్న (ఒక పాఠకుడు, చంద్రగిరి): శేషాచలం అడవిలో 2015లో ఎర్రచందనం కూలీలను కాల్చినప్పుడు కూడా ఈ చట్టమే అడ్డమొచ్చిందా?

జవాబు: లేదు. అఫ్‌స్పా కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన చోటే ఉంటుంది, మనకు లేదు. 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయిన ఆ కాల్పులు పోలీసు, అటవీ సిబ్బందివి. వాటికి మామూలు చట్టమే. అంతకు ఆర్నెల్ల ముందే, 2014 సెప్టెంబర్‌లో, ఎన్‌కౌంటర్ జరిగితే ఎఫ్ఐఆర్ కట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేట్ విచారణ తప్పదు అని సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. అంతకంటే ముందు 2009లో మన హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాటను పోలీసులు కోర్టు విచారణలోనే రుజువు చేసుకోవాలంది. దాన్ని సుప్రీంకోర్టు ఆ సంవత్సరమే నిలిపేసింది. ఈ సంగతి విడిగా రాయాల్సినంత ఉంది, మరో సంచికలో.

ప్రశ్న (ఒక టీచరు, పుత్తూరు): శాంక్షన్ ఒక్కటే అడ్డంకా? వేరే దేశాల్లో ఎలా ఉంది?

జవాబు: శాంక్షన్ అనేది ఒక తలుపు, అంతే. దాని కంటే ముందు ఆధారాల దగ్గరే అడ్డుకోవచ్చు. 2000 మార్చిలో కశ్మీర్ పథ్రీబల్‌లో ఐదుగుర్ని చంపి, విదేశీ తీవ్రవాదులని ప్రకటించారు. శవాలు కాలిపోయి గుర్తుపట్టేలా లేవు. మావాళ్లేనని ఊరివాళ్లు పట్టుబడితే తవ్వితీసి డీఎన్ఏ పరీక్షకు పంపారు. మన హైదరాబాద్ ల్యాబ్‌కు వచ్చిన నమూనాల్లో, చనిపోయినవాళ్ల ఆడ బంధువులవని చీటీ రాసి పంపిన రక్తం మగవాళ్లదని తేలింది! మళ్లీ కొత్తగా నమూనాలు తీస్తే వాళ్లు స్థానికులేనని బయటపడింది. సీబీఐ 2006లో ఐదుగురు సైనికాధికారుల మీద చార్జిషీటు వేసింది. శాంక్షన్ కావాలా వద్దా అని వాదించుకుంటూ 2012 దాకా గడిచింది. మామూలు కోర్టా, కోర్టు మార్షలా తేల్చుకోమని సుప్రీంకోర్టు సైన్యానికే వదిలేసింది. సైన్యం తన దారి ఎంచుకొని 2014 జనవరిలో, ఆధారాలు చాలవని కేసు మూసేసింది.

మీ పుత్తూరు, నగరి వైపు తమిళ పత్రికలు చదివేవాళ్లకు శ్రీలంక సంగతి కొత్త కాదు. 2000లో మిరుసువిల్‌లో ఎనిమిది మంది తమిళుల్ని చంపిన సైనికుడికి 2015లో మరణశిక్ష పడింది, 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మర్నాటి ఏడాది మార్చిలో, ప్రపంచమంతా కరోనా గోలలో ఉండగా, అధ్యక్షుడు గొటబయ రాజపక్స క్షమాభిక్ష పెట్టి వదిలేశారు. పదిహేనేళ్ల విచారణ ఒక్క సంతకంతో పోయింది.

ఎల్ సాల్వడార్‌లో ఇంకో రకం. 1981లో ఎల్ మొసోతె అనే ఊళ్లోనూ చుట్టుపక్కలా సైన్యం దాదాపు వెయ్యి మందిని చంపింది, ఎక్కువమంది పిల్లలే. 1993లో సత్యశోధన కమిషన్ నివేదిక వచ్చిన ఐదు రోజులకే క్షమాభిక్ష చట్టం చేసేశారు. 2016లో ఆ చట్టం పోయి కేసు తెరుచుకుంది. 2020లో జడ్జి స్వయంగా సైనిక స్థావరాల్లో పాత రికార్డులు చూడబోతే సైనికులు గేటు దగ్గరే ఆపేశారు. మరుసటి ఏడాది అరవై దాటిన జడ్జీలంతా దిగిపోవాలని చట్టం తెచ్చారు, ఆ జడ్జి కూడా దిగిపోయారు. అలా అని ఎక్కడా జరగదనుకోకండి. అర్జెంటీనా కూడా 1986, 87లలో ఇలాంటి రక్షణ చట్టాలే చేసుకుంది. 2003లో పార్లమెంటు వాటిని రద్దు చేసింది, 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటి నుంచి వెయ్యి మందికి పైగా శిక్షలు పడ్డాయి, ముసలితనంలో అయినా.

ప్రశ్న (లా విద్యార్థిని, తిరుపతి): మేడమ్, ప్రాజెక్టు కోసం శాంక్షన్ తిరస్కరణల వివరాలు సమాచార హక్కు కింద అడగాలనుకుంటున్నాను. సైన్యం విషయం కదా, ఇస్తారా? ఇంట్లో భయపడుతున్నారు.

జవాబు: అడగొచ్చమ్మా, నేరమేమీ కాదు. ఇంట్లో ఈ జవాబు చూపించు. అస్సాం రైఫిల్స్, బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటివి సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి, వాటికి చట్టం వర్తించదు. కానీ 24వ సెక్షన్ చదువు, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి మినహాయింపు ఉంది. కేంద్ర సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. సైన్యం, రక్షణ శాఖ ఆ షెడ్యూల్లో లేవు. వాళ్లు సాధారణంగా 8(1)(ఎ) చూపిస్తారు, దేశ భద్రత అని. ఇరవై ఏళ్లు దాటిన విషయాలకు చాలా మినహాయింపులు పోతాయి, ఇది మాత్రం పోదు.

అందుకని ఆపరేషన్ వివరాలు, పేర్లు అడక్కు. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా అఫ్‌స్పా కింద ఏ రాష్ట్రం ఎన్ని శాంక్షన్లు అడిగింది, ఎన్ని ఇచ్చారు, ఎన్ని నిరాకరించారు, నిరాకరించినవాటిలో కారణాలు నమోదు చేసినవెన్ని, అంతే. ముందు పార్లమెంటు వెబ్‌సైటులో పాత ప్రశ్నోత్తరాలు వెతుకు, సగం లెక్కలు ఊరికే దొరుకుతాయి. ఓటింగ్ తిరస్కరణ రక్షణ శాఖలోని సైనిక వ్యవహారాల విభాగం నుంచి వచ్చింది కాబట్టి దరఖాస్తు అక్కడికే పెట్టు. ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. పొరబాటున వేరే శాఖకు పెట్టినా ఐదు రోజుల్లో సరైన చోటికి పంపే బాధ్యత వాళ్లదే. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, "ఇవ్వలేం" అని వచ్చినా, మళ్లీ ముప్పై రోజుల్లోపే మొదటి అప్పీలు వేయాలి. సెమిస్టర్ పరీక్షలున్నాయని ఆ తేదీ దాటనివ్వకు.